తలకిందులైన తొమ్మిది

నల్లటి తెర మీద ఎడమ పక్కన ఒక చిన్న తెల్ల గీత వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. అంతకు మించి ఏమీ లేదు. ఎంత శాతం అయిందో, ఇంకెంతసేపు పడుతుందో చెప్పే అంకె ఏదీ లేదు. పని జరుగుతోందో ఆగిపోయిందో కూడా తెలియదు. కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనిస్తే మాత్రం లోపల హార్డ్ డిస్క్ సన్నగా వణుకుతోంది, వెచ్చగా ఉంది. ప్రేమ్ కుమార్ పొద్దున ఎనిమిదిన్నరకు, డిస్క్ మొత్తం తుడిచెయ్యమని రెండు మాటలు కొట్టి ఎంటర్ నొక్కాడు. ఇప్పుడు పది. పదకొండుకు మంజుల మేడం వస్తుంది. కోదాడ బస్టాండు ఎదురు సందులో తన నెట్ సెంటర్ షట్టర్ సగం దించి, కరెంటు పోతే ఏమవుతుందోనని ఒకసారి, పోతేనే బాగుండునేమోనని ఇంకోసారి అనుకుంటూ, కుర్చీలో కూర్చోలేక లేచి, లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. షట్టర్ కింది సందులోంచి కాళ్లు కనిపిస్తున్నాయి. వానకు తడిసిన చెప్పులు, బురద అంటిన పంచె అంచు, స్కూలు బూట్లు. ఎవరో ఆగారు. "అన్నా, జిరాక్స్ ఉందా?" లేదు, సిస్టమ్ పాడైంది, మధ్యాహ్నం రండి. గొంతు తనదిలా లేదు. ఆ కాళ్లు వెళ్లిపోయాయి.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసినప్పుడు కూడా ఈ గొంతే వచ్చింది. శిశు సంక్షేమం ఆఫీసు నుంచి మాట్లాడుతున్న, సాయిప్రియ అనే అమ్మాయి విషయం, రేపు పదకొండుకు మీ షాపుకు వస్త, ఉంటరు కదా. ఉంట మేడం. అంతే, ఆమె పెట్టేసింది. ఏ సాయిప్రియ అని అడగలేదు తను, అదే తప్పయింది, తెలియనివాడైతే అడగాలి కదా, ఎవరు మేడం అని అడగాలి కదా, రోజుకు వందమంది వచ్చిపోయే షాపులో ఒక పిల్ల పేరు వినగానే ఉంట మేడం అని ఎవడంటాడు. వెంటనే సూర్యాపేటలో ఉండే శ్రీనివాస్‌కు ఫోన్ చేశాడు. శ్రీనివాస్ కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఈ డబ్బా కూడా వాడు కట్టిచ్చిందే. సంగతంతా చెప్పలేదు. పాతది ఒకటి ఉంది, ఎవరికీ దొరకొద్దు, అన్నాడు. శ్రీనివాస్ కూడా అడగలేదు. "అరే ప్రేమ్, మామూలు ఫార్మాట్ కొడితే పైపైన పోతది గంతే, మల్ల తీయొచ్చు. మొత్తం సున్నాలు నింపాలె. గంటన్నర, రెండు గంటలు పడ్తది. అయినంక కొత్త విండోస్ ఎక్కించు. ఇగ ఖతం, దేవుడు వచ్చినా తియ్యలేడు." ఆ చివరి మాట వాడు మామూలుగానే అన్నాడు, అందరూ అనే మాటే. ప్రేమ్ కుమార్ రాత్రంతా దాన్ని మింగలేకపోయాడు. ఆదివారం హుజూర్‌నగర్ చర్చిలో పాటలు తెర మీద వేసేది తనే, ఆ పాటల ఫైళ్లు కూడా ఈ డిస్క్‌లోనే ఉన్నాయి, ఉన్నాయా, ఉండేవి, ఇప్పుడు వాటి మీద కూడా సున్నాలు పోస్తూ ఉంటుంది లోపల.

అన్నీ ఎందుకు, ఆ ఒక్క ఫోల్డరు తీసేస్తే సరిపోయేది కదా అని పొద్దున షట్టర్ ఎత్తుతుంటే అనిపించింది. కంప్యూటర్ ఆన్ చేశాడు. డిస్క్ గుర్తు ఎప్పటిలాగే ఎర్రగా ఉంది, నిండుగా, ఏడాదిగా అట్లాగే ఉంది, ఏ పేజీ తెరిచినా నీళ్లు కాగినంతసేపు పడుతోంది, ఖాళీ చేయాలి చేయాలి అనుకుంటూనే ఉన్నాడు. పద్నాలుగేళ్ల జనం అందులో. హాల్‌టికెట్లు, కిరాయి అగ్రిమెంట్లు, పట్టా పాసుపుస్తకాల మొదటి పేజీలు, పెళ్లి కార్డులు, చావు కార్డులు, ఉద్యోగానికి అప్లై చేసిన పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు, ఒక్కొక్క మొహం ఎంత గంభీరంగా ఉంటుందో, నవ్వొద్దని తనే చెప్పేవాడు. పోయినేడాది ఫోల్డరు తెరిచాడు, మార్చి నెల తెరిచాడు, పేర్ల వరుస కిందికి జరుపుతూ పోతే ఒక చోట వేలు ఆగింది. ఆ పేరు చదవలేదు. చదవకముందే మూసేశాడు. దాన్ని ఎంచి తీసెయ్యాలంటే దాన్ని చూడాలి, చూసి నొక్కాలి. అది చేతకాలేదు. అన్నీ తుడిచెయ్యడం సులువు, కళ్లు మూసుకుని నూతిలో దూకినట్టు. తనవీ పరులవీ అన్నీ కలిపి పోతే అది తప్పు దాచినట్టు కాదేమో, డిస్క్ నిండింది, శుభ్రం చేశాను, ఎవరైనా చేసేదే. ఈ మాట మేడంతో ఎట్లా అనాలో నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాడు. ఏ రకంగా అన్నా చివరికి దాచినట్టే వినిపిస్తోంది.

ఫోన్ మోగింది. శ్రీలత. అతని భార్య, ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇంటర్వెల్‌లో తప్ప ఫోన్ చేయదు.

"సిస్టమ్ ఫార్మాట్ కొడ్తున్నరంట గదా, ఇప్పుడే మన పక్క షాపాయన వాళ్ల పిల్లగాడు చెప్పిండు. నిస్సీ పుట్టినప్పటి ఫొటోలు తీసిపెట్టిండ్రా?"

"ఆఁ, తీసిన."

"వీడియో? అది మొదటిసారి నడిచింది?"

"అన్నీ తీసిన లత. జర పనిల ఉన్న."

పెట్టేశాక ఫోన్ తెర ఆరిపోయేదాకా దాన్నే చూశాడు. తీయలేదు. తీయాలని గుర్తుకే రాలేదు. పదేళ్ల కిందట పాత ఫోన్‌తో తీసిన వీడియో, నిస్సీ తలుపు పట్టుకుని వదిలి రెండడుగులు వేసి కింద కూలబడి తన వైపు చూసి, ఏడవాలా నవ్వాలా అని తండ్రి మొహంలో వెతికింది. అది ఇప్పుడు ఎక్కడుంది, తుడిచిపెట్టుకుపోయిందా, ఇంకా పోలేదా, డిస్క్ లోపల ఆ గుండ్రటి పళ్లెం మీద ఏ మూలనో ఉండి తన వంతు కోసం చూస్తోందా, ఇప్పుడు వైరు పీకేస్తే మిగిలేది మిగులుతుందా. చెయ్యి స్విచ్ దాకా పోయింది. నిస్సీ మిగిలితే అదీ మిగులుతుంది. చెయ్యి వెనక్కి వచ్చింది. బయట వాన మళ్లీ మొదలైంది, సన్నగా, విజయవాడ వైపు పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ బస్టాండులోంచి బయటపడుతోంది, ఎవరో హుజూర్‌నగర్ హుజూర్‌నగర్ అని అరుస్తున్నారు.

హుజూర్‌నగర్ దగ్గరి ఊరే సాయిప్రియ వాళ్లది. గురవయ్య ఎప్పటి నుంచో షాపుకు వచ్చేవాడు, రైతు, మంచివాడే, వస్తే చాయ్ తెప్పించి తాగించి గానీ పోడు. ఆ రోజు ఎండ, ఒంటిగంట అయి ఉంటుంది, వెంట ఒక పిల్ల. మా తమ్ముడి బిడ్డ, తమ్ముడు పోయిండు గదా, ఇగ నేనే అన్నీ చూసుకోవాలె. పిల్ల స్కూలు డ్రెస్సులోనే ఉంది, రెండు జడలు, రిబ్బను ఒకటి వదులై భుజం మీద వేలాడుతోంది. గురవయ్య, పుట్టిన తేదీ రాసి బడి ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు. "తమ్మీ, పెండ్లి ఖాయం జేసినం, నిడమనూరు కాడ. మంచి సంబంధం. వయసు తక్కువున్నదని ఎవలన్న వచ్చి పరేషాన్ జేస్తరు. ఒక్క అంకె మారిస్తే అయిపాయె. నీకు తెల్వనిదా?" ఒక్క అంకె. ప్రేమ్ కుమార్ వద్దనలేదా, అన్నాడు, అన్నట్టే గుర్తు. ఇట్లాంటివి చెయ్యను బాపూ అన్నాడు, ఒకసారి. రెండోసారి అనలేదు. షాపు నిండా మనుషులు, ఎవరో అప్లికేషన్ ఆఖరి రోజు అని తొందర పెడుతున్నారు, కరెంటు పోతుందేమోనని భయం. ఇవన్నీ ఉన్నాయి, నిజమే, కానీ ఇవి కావు. అసలుది వేరే. కాగితం స్కాన్ చేసి తెర మీద పెద్దగా చేసి చూడగానే, ఎట్లా చేయాలో చప్పున తట్టింది. పుట్టిన ఏడు రెండువేల తొమ్మిది, ఆరైతే పద్దెనిమిది నిండినట్టే. కొత్తగా ఆరు కొడితే సిరా రంగు కలవదు, అక్షరం తీరు కలవదు, ఎవరైనా పట్టేస్తారు. ఆ తొమ్మిదినే పట్టుకుని తలకిందులు చేస్తే అదే ఆరు. అదే సిరా, అదే వెలిసిన నలుపు, గుమాస్తా కలం ఒత్తిన చోట అదే చిన్న మచ్చ. ఎవడికి తడుతుంది ఇది. ఆ క్షణంలో తను సంతోషపడ్డాడు. అదీ నిజం. తన పనితనానికి తనే మురిసిపోయి, మౌస్‌తో ఆ అంకెను పట్టి మెల్లగా తిప్పాడు.

తిప్పుతుంటే వెనక నుంచి ఆ పిల్ల అంది, "అన్నా, అది తొమ్మిది. తిరగబడ్డది."

తెల్ల గీత లేదు.

ఉలిక్కిపడి ముందుకు వంగాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది, డిస్క్ శుభ్రం చేయడం విజయవంతంగా పూర్తయింది అని. పది ఇరవై. విజయవంతంగా.  పెన్‌డ్రైవ్‌లో శ్రీనివాస్ ఇచ్చిన కొత్త విండోస్ ఉంది, ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాడు, భాష ఏది, ఒప్పుకుంటున్నారా, ఒప్పుకుంటున్నా, ఎక్కడ ఎక్కించాలి. ఎక్కడ అన్న చోట ఒకే ఒక గీత కనిపించింది, కేటాయించని ఖాళీ స్థలం అని, ఎరుపు లేదు, పేరు లేదు. పద్నాలుగేళ్లలో ఎప్పుడూ అంత ఖాళీ చూడలేదు. తేలికపడాలి ఇప్పుడు. శ్రీనివాస్ చెప్పినట్టు ఖతం కావాలి. నొక్కాడు. ఇప్పుడు అంకెలు వస్తున్నాయి, రెండు శాతం, నాలుగు శాతం. అంకె లేనప్పుడు అంకె కావాలనిపించింది, ఇప్పుడు ఒక్కొక్క అంకె మారుతుంటే పదకొండు గంటల వైపు ఒక్కొక్క మెట్టు దిగుతున్నట్టు ఉంది.

ఆ పిల్లకు తనేమన్నాడు. మిషన్ల అట్లనే వస్తది అన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు. ఆమె పెదనాన్న వైపు చూసింది కాబోలు, గురవయ్య దగ్గాడు, బయటికి పొయ్యి నిలబడు బిడ్డా, ఉడుకపోస్తుంది అన్నాడు. ఆమె పోలేదు. ప్రింటర్ పక్కన నిలబడి, కాగితం బయటికి వస్తుంటే వేడి వేడిగా ఉన్నదాన్ని వేళ్ల చివర్లతో పట్టుకుని చదివింది, చిన్నప్పుడు బడిలో నిలబడి చదివినట్టు, పెదాలు కదుపుతూ. పదహారు శాతం. చదివి, చాలా మెల్లగా, గురవయ్యకు వినపడకుండా అడిగింది. "పదో తరగతి పరీక్షకు గూడ గిదే పెడ్తరా అన్నా?" దేని కోసం తెచ్చారో ఆమెకు చెప్పలేదు, పరీక్ష కోసం అనుకుంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట. ఇది పరీక్షకు కాదు తల్లీ, మీ టీచరు దగ్గరికి పో. ఎదురుగా బస్టాండు, లోపల పోలీసాయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నూరు అడుగులు ఉండదు. ప్రేమ్ కుమార్ కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని అలవాటు కొద్దీ కింద తన షాపు ముద్ర కొట్టి, "పెడ్తరు" అన్నాడు.

ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. తెర ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఆ మాట ఎందుకన్నాడు. అంకె మార్చడం వేరు, అది గురవయ్య కోసం చేశాడు, దానికి కారణాలు దొరుకుతాయి, ఊళ్లో అందరూ చేసేదే, తను కాకపోతే పక్క షాపు, ఏడాదిన్నరగా అనుకుంటున్న మాటలన్నీ అంకెకు సరిపోతాయి. ఈ ఒక్క మాటకు సరిపోవు. దీన్ని ఎవరూ అడిగి చేయించుకోలేదు. దీనికి కాగితం లేదు, ఫైలు లేదు, ఇది డిస్క్ మీద ఎప్పుడూ లేదు. పోయిన వారం గురవయ్య ఫోన్ చేసినప్పుడు కూడా ముందు గుర్తుకు వచ్చింది ఇదే. "తమ్మీ, పిల్లను మిర్యాలగూడ దవాఖానల ఏసినం. ఏడో నెల, బీపీ ఎక్కువై ఫిట్స్ వచ్చినయ్. డాక్టరమ్మ వయసెంత అని ఒకటే గుచ్చి గుచ్చి అడిగింది. ఎవలన్న వస్తే నువ్వేం జెయ్యలె, నాకేం తెల్వదు, అర్థమైందా?" అర్థమైంది బాపూ. పిల్ల ఎట్లా ఉందని అడగబోయేలోపు ఆయన పెట్టేశాడు. తిరిగి చేయొచ్చు. చేయలేదు. కోదాడ నుంచి మిర్యాలగూడ ఎంత దూరం, బస్సెక్కితే గంటన్నర, వరి నాట్లేస్తున్న పొలాల మధ్యలోంచి పోతుంది, నిస్సీని కంటి డాక్టరుకు చూపించడానికి రెండుసార్లు పోయాడు. ఈ వారంలో ఎన్ని బస్సులు పోయి ఉంటాయి.

యాభై నాలుగు. అప్పుడు ఇంకొకటి తట్టింది, తట్టగానే లేచి నిలబడ్డాడు. స్కాన్ చేసిన అసలు కాగితం. మార్చినదాన్ని వేరే పేరుతో దాచాడు, అలవాటు, ఎప్పుడూ అసలుది అట్లాగే ఉంచుతాడు, పాడైతే మళ్లీ మొదలుపెట్టడానికి. అంటే ఆ ఫోల్డరులో రెండూ ఉన్నాయి. తన తప్పు ఒకటి, దాని పక్కనే ఆ పిల్ల నిజం ఒకటి. ఏ రోజు, ఎన్ని గంటలకు స్కాన్ అయిందో, ఎన్ని నిమిషాలకు మారిందో, అన్నీ. రెంటినీ కలిపి తుడిచేశాడు. బడిలో రిజిస్టరు ఉంటుంది, ఉంటుంది, అది ఎక్కడికీ పోదు, అని పైకే అన్నాడు. ఖాళీ షాపులో మాట గోడకు తగిలి తనకే వినపడింది. డెబ్బై. ఎనభై రెండు. తెర నీలంగా మారింది, కొద్దిసేపు ఆగండి, కంప్యూటర్ ఆపొద్దు, మీ కోసం అన్నీ సిద్ధం చేస్తున్నాం అంటూ ఒక్కొక్క మాటా వచ్చి కరిగిపోతోంది. ఎవరు సిద్ధం చేస్తున్నారు, దేనికి. నీళ్ల సీసా ఎత్తాడు, ఖాళీ. కంప్యూటర్ వాడబోయేవారి పేరేమిటి అని అడిగింది. ఇంగ్లీషులో పి కొట్టాడు, ఆర్ కొట్టాడు. షట్టర్ కింద గొడుగు నీడ పడింది.

"ప్రేమ్ కుమార్ గారు మీరేనా?"

మంజుల మేడం ఒక్కతే వచ్చింది. పోలీసులు లేరు. నలభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి, భుజానికి ఫైళ్ల సంచి. షట్టర్ ఎత్తబోతే పర్లేదని తనే వంగి లోపలికి వచ్చి కస్టమర్ల స్టూలు మీద కూర్చుంది. కంప్యూటర్ వైపు చూడనే లేదు. డిస్క్ నిండింది మేడం అని మొదలుపెట్టబోయాడు, ఆమె చెయ్యెత్తింది.

"ముందు నేను చెప్పేది వినండి. వయసు సంగతి తేలింది. బడి రిజిస్టర్ల పుట్టిన తేదీ ఉన్నది, పదిహేను నిండంగనే పెండ్లి చేసిండ్రు. ఇప్పుడు ఆ పెద్దనాయన ఏమంటుండంటే, మాకేం తెల్వదు, పిల్లనే పెండ్లి మీద మోజుతోని ఒక్కతే వొయ్యి కాగితం మార్పించుకొచ్చింది, మేము అది నమ్మి చేసినం అంటుండు. అత్తగారోళ్లు గూడ అదే మాట. ఊరంత అదే చెప్పుకుంటుండ్రు. తల్లి సుత నోరు తెరుస్తలేదు."

ప్రేమ్ కుమార్ కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"పిల్లను అడిగిన. ఏడ్వలేదు. నెట్ సెంటర్ అన్నను అడుగుండ్రి, తప్పున్నదని నేను ఆయనకే చెప్పిన, ఆయన విన్నడు, అన్నది. కాగితం కింద మీ ముద్ర ఉన్నది, అడ్రస్ దొరికింది. అందుకే వచ్చిన. మీకు గుర్తున్నదా?"

"ఎట్లుంది మేడం ఇప్పుడు?"

"ఆమెకైతే భయం లేదన్నరు. కడుపుల బిడ్డ దక్కలె."

బయట వాన జోరందుకుంది. రేకు మీద ఒకటే మోత. ఆమె తనను సాక్షిగా చెప్పింది. తను దొంగలా పొద్దుటి నుంచీ తుడుస్తూ కూర్చుంటే, ఆమె మిర్యాలగూడలో మంచం మీద పడుకుని తన పేరు తెలియక నెట్ సెంటర్ అన్న అని చెప్పింది, ఆయనకు తెలుసు అని చెప్పింది, పెదనాన్నను నమ్మలేదు, తల్లిని నమ్మలేదు, ఒక్కసారి తల తిప్పి కూడా చూడనివాడిని నమ్మింది. లేదు అంటే అయిపోతుంది. రోజుకు వందమంది వస్తారు మేడం, డిస్క్ కూడా పోయింది, చూడండి, కావాలంటే చూడండి. నాలుక మీదనే ఉంది ఆ మాట, పొద్దుటి నుంచి నాలుగైదు రకాలుగా సాధన చేసిన మాట.

"ఆమె ఒక్కతి రాలె మేడం," అన్నాడు. "గురవయ్య తీసుకొచ్చిండు. మార్చింది నేనే."

మేడం సంచిలోంచి కలం తీస్తూ, "రాసిస్తరా?" అంది.

"రాసిస్త. ఇంకోటి ఉంది మేడం. ఆ ఫైళ్లు ఇందులనే ఉండె. మీరు వస్తున్నరని పొద్దున అన్నీ తుడిచేసిన. అది గూడ రాస్త."

ఆమె అప్పుడు మొదటిసారి కంప్యూటర్ వైపు చూసింది, తర్వాత అతని వైపు. తిట్టలేదు. కొత్త విండోస్‌లో తెలుగు టైపింగ్ ఇంకా ఎక్కించలేదు, ప్రింటర్ కూడా కలపలేదు. ట్రేలోంచి రెండు తెల్ల కాగితాలు తీసి చేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఎంతమందికో అర్జీలు కొట్టిచ్చిన చెయ్యి, కలం పట్టి ఎన్నాళ్లయిందో, మొదటి వరుస వంకర పోయింది. గురవయ్య ఏమన్నాడో రాశాడు. అంకెను ఎట్లా తిప్పాడో రాశాడు. ఆ పిల్ల ఏమడిగిందో, తను ఏమన్నాడో రాసేటప్పుడు ఆగాడు. ఇది అవసరమా, కేసుకు ఇది అక్కర్లేదు కదా అనిపించింది. అక్కర్లేకున్నా రాశాడు. ఒకటిన్నర పేజీ అయింది. కింద సంతకం, ఫోన్ నంబరు, తేదీ.

మేడం మొత్తం చదివింది. చివరి దగ్గర కొంచెంసేపు ఆగింది. "మీ మీద గూడ కేసయితది. నేను ఆపలేను. షాపు బందయినా అయితది."

"తెలుసు మేడం."

"పిల్లకు ఏమన్న చెప్పమంటరా?"

ఏం చెప్పాలి. క్షమించమని చెప్పమనాలా, ఆ మాట ఇంకొకరి చేత పంపిస్తారా ఎవరైనా. "నేనే దవాఖానకు వస్త. లోపలికి పంపుతరా?"

"నాలుగింటికి పంపుతరు. ఆమె మీతోని మాట్లాడుతదో లేదో నాకు తెల్వదు."

"మాట్లాడకున్నా వస్త."

ఆమె కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి, గొడుగు విప్పుకుని వెళ్లింది. ప్రేమ్ కుమార్ శ్రీలతకు ఫోన్ చేశాడు. లంచ్ టైం, వెనక పిల్లల గోల. నిలబడే చెప్పాడు, మొదటి నుంచీ, ఆగకుండా, ఎక్కడైనా ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం. ఫొటోలు తీయలేదని, నిస్సీ వీడియో కూడా పోయిందని, పొద్దున అబద్ధం చెప్పానని కూడా చెప్పాడు. ఆమె అక్కడి నుంచి నడిచినట్టుంది, పిల్లల గోల దూరమైంది. 

"ఫొటోల సంగతి తర్వాత," అంది శ్రీలత. "ఇప్పుడు ఇంటికి రావొద్దు మీరు. ముందు ఆ పిల్ల దగ్గరికి పోండి."

షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాడు. వానలోనే రోడ్డు దాటాడు. మిర్యాలగూడ బస్సు ప్లాట్‌ఫారం మీదే ఉంది, ఇంజన్ ఆన్ చేసి ఉంది, లోపల కూలీ ఆడవాళ్లు తడిసిన కొంగులు పిండుకుంటున్నారు. ఎక్కి, వెనక ఖాళీగా ఉన్న సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. మూడున్నరకల్లా దింపుతుందా అని కండక్టరును రెండుసార్లు అడిగాడు.